వంక పెట్టని గంజి

ప్రసన్నత్తయ్య పోయిందని ఫోనొస్తే గుడివాడ వెళ్ళాను. ఈ వయసులో బస్సులెక్కడమేమిటని ఇంట్లోవాళ్ళు కసురుకున్నా వినకుండా బందరులో బస్సెక్కి, పామర్రులో దిగి, ఇంకో బస్సు పట్టుకుని వెళ్ళేసరికి షామియానా కింద జనం నిండిపోయారు. అత్తయ్య మాకు చుట్టమేమీ కాదు. బందరులో మా వీధిలో ఉండిన కాంపౌండరు గారి భార్య, మా అమ్మకి స్నేహితురాలు. అమ్మని వదినా అని పిలిచేది కాబట్టి మాకు అత్తయ్య అయింది. మైకు పెట్టి ఒకరి తర్వాత ఒకరు ఆవిడని త్యాగమయి అన్నారు, ప్రేమమూర్తి అన్నారు, సేవకి మారుపేరన్నారు. ఆవిడ నోటి దురుసు ఎరిగినదాన్ని కనక నాకు లోపల్లోపల నవ్వొచ్చింది కూడా. రచయిత్రిని కదా, రెండు ముక్కలు మాట్లాడమని, ఆవిడని గుడివాడలో తన దగ్గరుంచుకున్న మనవడు నా చేతికి మైకిచ్చాడు. చాలా మంచి మనిషి అని చెప్పి కూర్చున్నాను. చెప్పాల్సింది అది కాదు. ఆవిడా మా అమ్మా కలిసి చేసిన ఒక పని గురించి చెప్పాలి, అది ఎలా ఆగిపోయిందో, ఆగితే ఏమైందో చెప్పాలి. అది చెప్పాలంటే మా నాన్నని నలుగురిలో నిలబెట్టాలి. శవపెట్టె ముందర నిలబడి ఆ పని నేను చెయ్యలేకపోయాను. ఇప్పుడు నాన్నా లేరు, అమ్మా లేదు, అత్తయ్యా లేదు. నొచ్చుకునేవాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి రాస్తున్నాను.

బందరులో మా ఇల్లు మిషన్ కాంపౌండు వెనక సందులో ఉండేది. ముందు వసారా, వెనక పెరడు, మధ్యలో రెండు గదులు. వసారా నాన్నది, పెరడు అమ్మది అన్నట్టు నడిచేది కాపురం. వసారాలో సిరా వాసన, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ఖద్దరు వాసన. పెరట్లో కట్టెల పొగ, గిలకలదిండి నుంచి తట్టల్లో వచ్చే ఎండు రొయ్యల వాసన, పొయ్యి మీద కాగే చారు వాసన. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. కాగితం ముందు పెట్టుకుంటే మొదట మార్జిను గీసేవారు, తర్వాత కళ్ళజోడు పంచె చెంగుతో తుడుచుకునేవారు, ఆ తర్వాతే ఆలోచించేవారు. పక్షపాతం అన్న మాటకి ఆయన భయపడినట్టు పాముకి కూడా భయపడలేదు. నేను ఆయన క్లాసులో చదివిన ఏడాది, నాకు రావాల్సిన మార్కుల్లో కొన్ని తగ్గించే వేశారు. ఎవరైనా ఏమైనా అనుకుంటారని. నేను ఏడిస్తే, న్యాయం ఇంటి దగ్గర మొదలవ్వాలి అన్నారు. అది న్యాయం కాదని చెప్పే ధైర్యం అప్పుడు మాకెవరికీ లేదు.

ఊళ్ళో దిక్కులేని ముసలమ్మల కోసం పెద్దమనుషులు కొందరు కలిసి ఒక శరణాలయం పెట్టారు. అందులో మా చర్చివాళ్ళూ ఉన్నారు, ఊళ్ళోని హిందూ పెద్దలూ ఉన్నారు. ప్రెసిడెంటు గారికి గుడివాడ వైపు మాగాణి ఉండేది, పిల్లల చదువులకని బందరులో మేడ కట్టించుకున్నారు. నాన్న సెక్రెటరీ. కమిటీ మా వసారాలో కూర్చునేది. ముసలమ్మలకి పొద్దునా సాయంత్రం తిండి సంగతి చూసేది మాత్రం కమిటీ కాదు. అది అమ్మా, ప్రసన్నత్తయ్యా, ఇంకా కొందరు ఆడవాళ్ళూ చూసుకునేవారు. మినిట్సులో వీళ్ళని సేవికలు అని రాసేవారు. ఇంట్లో మాత్రం ఆడవాళ్ళు అనేవారు.

ఆ తిండి ఎక్కడి నుంచి వచ్చేదంటే, పిడికెడు బియ్యం నుంచి. అవనిగడ్డ దగ్గర మా అమ్మ పుట్టింటివాళ్ళ పల్లెలో ప్రతి క్రైస్తవుల ఇంట్లోనూ ఉన్న అలవాటు అది. పొయ్యి మీద ఎసరు పెట్టి, ఆ పూటకి కావలసిన బియ్యం చేటలో పోసి ఏరుకున్నాక, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వెయ్యాలి. విడిగా ఉన్న బియ్యంలోంచి వెయ్యకూడదు. మనం ఆ పూట తినబోయే వాటిలోంచే తియ్యాలి. మనకి కొత్త బియ్యమైతే వాళ్ళకీ కొత్త బియ్యమే, మనకి నూకలైతే వాళ్ళకీ నూకలే. ఆ అలవాటుని అమ్మ బందరు తెచ్చి, మా వీధిలోనూ, ఆ తర్వాత హిందువుల ఇళ్ళలోనూ ఇంటింటికీ తిరిగి నేర్పింది. శనివారం శనివారం గుడ్డసంచులు పట్టుకుని వెళ్ళి పోగుచేసుకొచ్చేవారు. ఎన్నో ఇళ్ళ బియ్యం కలిసిపోయేవి కదా, అన్నం వండితే సగం పలుకు, సగం ముద్ద. అందుకని ఎప్పుడూ గంజే కాచేవారు, పళ్ళులేని నోటికి అడ్డం పడకుండా మెత్తగా. అమ్మ ప్రతి ఇంటి కుండలోనూ ముక్కు పెట్టి వాసన చూసేది. అది చూసి కొందరిళ్ళలో ముఖం చిట్లించుకునేవారు.

ఆ ముసలమ్మల్లో చిట్టెమ్మ అని ఒకామె ఉండేది. దివిసీమలో ఏదో లంక ఆవిడది. గాలివానకి ఇల్లూ మనుషులూ పోతే ఎవరో తెచ్చి బందరులో వదిలారు. మనిషి పిట్టంత ఉండేది, నోరు మాత్రం ఊరంత. అమ్మ గంజి ముంత చేతికివ్వగానే ఒక గుక్క తాగి, "ఏంటమ్మాయ్ ఇది, గంజా కడుగా? ఉప్పెయ్యడం మీ అమ్మ నేర్పలేదా నీకు?" అనేది. ఉప్పు వేస్తే, నన్ను సముద్రంలో ముంచుతావా అనేది. చిక్కగా కాస్తే గొంతు దిగదనేది, పల్చగా కాస్తే నీళ్ళు పోశారనేది. ఒక్కనాడు బాగుందన్న పాపాన పోలేదు. ప్రసన్నత్తయ్యకి ఒళ్ళు మండిపోయేది. అమ్మ మాత్రం ఇంటికొచ్చి, ఇవాళ చిట్టెమ్మ పచ్చిమిరపకాయ కావాలందని నవ్వుతూ చెప్పేది, మర్నాడు కొంగున కట్టుకుని తీసుకెళ్ళేది. తినేవాళ్ళు వంక పెడితే పెట్టనీ, వాళ్ళ నోట్లోకే కదా వెళ్తోంది అనేది.

కమిటీవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఏడాదికోసారి వార్షికోత్సవం పెట్టి, దండలు వేసుకుని, చివర్లో వందన సమర్పణ అని ఒకటి చేసేవారు. షామియానా ఇచ్చినవాళ్ళకీ, మైకు పెట్టినవాళ్ళకీ, సోడాలు పంపినవాళ్ళకీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పేవారు. ఆడవాళ్ళ పేర్లు అందులో ఎన్నడూ రాలేదు. ప్రసన్నత్తయ్య ఒకసారి ఉండబట్టలేక నాన్నని అడిగేసింది. మనవాళ్ళకి మనం థాంక్సులు చెప్పుకోవడమేమిటమ్మా, పరాయివాళ్ళలాగా అని నాన్న నవ్వారు. ఆయన కపటంగా అనలేదు. ఆ రోజుల్లో ఇళ్ళలో ఎవరూ అలా చెప్పుకునేవారు కాదు. భార్య అన్నం పెడితే భర్త తిని లేచేవాడు, అంతే. అయితే మనవాళ్ళకి మెప్పు చెప్పక్కర్లేదన్న మర్యాద, తప్పు చెప్పాల్సి వచ్చినప్పుడు ఏమయిందో చూడండి.

ప్రెసిడెంటు గారి ఇంట్లో రోజూ పిడికెడు తీయడం చాదస్తమనిపించింది. దానికి బదులు ఒకేసారి బస్తా ఇచ్చేద్దామనుకున్నారు. ఆ ఏడు వానలకి గాదె అడుగున నీళ్ళు చేరాయట. శనివారం అమ్మా అత్తయ్యా వెళ్ళేసరికి వాళ్ళ మెట్ల మీద బస్తా పెట్టి ఉంది. అమ్మ మూతి విప్పి ఒక గుప్పెడు తీసి వాసన చూసింది. ముక్కిపోయిన బియ్యం, ఉండలు కట్టి ఉన్నాయి. ఇవి మీ ఇంట్లో వండుతున్నారా అమ్మా అని ఇంటావిడని అడిగింది. మా ఇంట్లో ఎందుకు వండుతాం, ఇవి మీ ముసలివాళ్ళ కోసం తీయించినవి కదా అందావిడ. "మీ పొయ్యి ఎక్కనివి మా పొయ్యీ ఎక్కవండి" అని అమ్మ ఆ గుప్పెడూ మళ్ళీ బస్తాలో పోసి, మూతి కట్టి, చెయ్యి దులుపుకుని వచ్చేసింది. ఇదంతా ప్రసన్నత్తయ్య మా పెరట్లో అభినయించి మరీ చెప్పింది. అమ్మ మాత్రం నవ్వలేదు. నేనంత పెడసరంగా అనకుండా ఉండాల్సిందేమో అని ఆ సాయంత్రమంతా అనుకుంటూనే ఉంది. నాన్న అప్పుడే ఒక్క మాట, అవును, కాస్త నెమ్మదిగా చెప్పాల్సింది అని ఉంటే, అమ్మ మర్నాడే వెళ్ళి ఆ ఇంటావిడ చేతులు పట్టుకుని ఉండేదని నాకు గట్టి నమ్మకం.

నాన్న ఏమీ అనలేదు. కమిటీని పిలిచారు. అమ్మ కాఫీ కలిపి, గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వసారాలోకి వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. అమ్మ ఇవతలికి రాగానే మళ్ళీ మొదలయ్యాయి. గోడ అవతల ఎవరి గురించి మాట్లాడుతున్నారో మా ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. కమిటీలో ఇద్దరు, మాస్టారూ, ఇంట్లో చెబితే సరిపోతుంది కదా, ఎందుకిదంతా అన్నారు. నాన్న ఒప్పుకోలేదు. ఇంకెవరైనా అయితే చాటుగా చెప్పేవాణ్ణేమో, నా భార్య కాబట్టి నలుగురిలో చెప్పాలి, లేకపోతే పెళ్ళాన్ని వెనకేసుకొచ్చానంటారు అన్నారు. అంతటితో ఊరుకోకుండా, తనే రిక్షా కట్టించుకుని ప్రెసిడెంటు గారి ఇంటికి వెళ్ళి, క్షమాపణ చెప్పి, ఆ బస్తా రిక్షాలో పెట్టించుకుని శరణాలయానికి చేర్చి వచ్చారు. బియ్యం సంగతి ఎవరూ మాట్లాడలేదు. అమ్మ మాట తీరు సంగతే మాట్లాడారు.

వార్షికోత్సవం నాడు నాన్న గంజి పెట్టిన కోటు తొడుక్కుని నివేదిక చదివారు. ఆడవాళ్ళం పక్కన చాపల మీద కూర్చున్నాం. అమ్మ తన మంచి నేతచీర కట్టుకుంది. మధ్యలో వచ్చింది ఆ వాక్యం. "మన సేవికలలో ఒకరగు శ్రీమతి కరుణమ్మగారు దాతల గృహమున అమర్యాదగా ప్రవర్తించినందులకు సంఘము తన విచారమును వెలిబుచ్చుచున్నది." మైకులో నాన్న గొంతు ఏమాత్రం వణకలేదు. అందరి తలలూ చాపల వైపు తిరిగాయి. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కిందకి చూస్తూ కూర్చుంది. వందన సమర్పణలో షామియానా వచ్చింది, మైకు వచ్చింది, సోడాలు వచ్చాయి, ఉదారంగా బియ్యం బస్తా పంపిన ప్రెసిడెంటు గారి కుటుంబం వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. అమ్మ కూడా కొట్టింది.

ఇంటికొచ్చాక అమ్మ ఎప్పటిలాగే నాన్నకి కాళ్ళకి నీళ్ళిచ్చింది, అన్నం పెట్టింది. మజ్జిగ పోస్తూ, నాది తప్పయితే నాకు ఇంట్లో చెప్పొచ్చు కదండీ అంది. ఇంట్లో చెబితే అది ఇంటి సంగతి అవుతుంది, ఇది సంఘం సంగతి అన్నారు నాన్న. ఆ తర్వాతి శనివారం అమ్మ సంచి తియ్యలేదు. గొడవ పడలేదు, మానేస్తున్నానని కబురు పంపలేదు, పెరట్లో కూర్చుని పప్పు విసురుకుంది. అమ్మ లేకపోతే మిగతా ఆడవాళ్ళూ వెళ్ళలేదు. నాన్న అది కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అడిగితే బతిమాలినట్టవుతుందని ఆయన, వెళ్తే పౌరుషం లేనట్టవుతుందని ఆవిడ. ఇద్దరికీ ముసలమ్మలు గుర్తులేరని నేననను. గుర్తుండే ఊరుకున్నారు. అందుకే ఇప్పటికీ ఇద్దరి మీదా కోపం వస్తుంది.

కమిటీ జీతానికి ఒక వంటమనిషిని పెట్టింది. ఇంటింటి బియ్యం రావడం ఆగిపోయింది కాబట్టి ఆమె ఎదురుగా ఉన్న బస్తా విప్పింది. ఆమెని అని లాభం లేదు. ఇచ్చింది వండింది.

ప్రసన్నత్తయ్య ఆ దారిన చర్చికి వెళ్తూ అప్పుడప్పుడూ లోపలికి తొంగిచూసేది. ఒకరోజు పొద్దున మా పెరట్లోకి వచ్చి, అరుగు మీద కూలబడింది. ఏమైందని అమ్మ అడిగితే చెప్పింది. "చిట్టెమ్మ ఏమీ అనట్లేదు వదినా. ఇచ్చింది తాగేసి ముంత బోర్లించేస్తోంది." అమ్మ చేతిలో పని ఆగిపోయింది. ఉప్పు ఎలా ఉందనీ అనలేదా అని అడిగింది. అత్తయ్య తల అడ్డంగా తిప్పింది. ముంత దగ్గరికి రాగానే ముఖం అదోలా పెట్టి, కళ్ళు మూసుకుని తాగుతోందట. వంక పెడితే ఈ మాత్రం కూడా పెట్టరేమోనని భయపడిందో, పెట్టినా వినేవాళ్ళు లేరనుకుందో. రేపు వెళ్తానంది అమ్మ. మర్నాడు వాన. ఆ మర్నాడు మా మావయ్య పల్లె నుంచి వచ్చారు. ఇంట్లో మనిషి ఉండగా ఎలా వెళ్తానంది. అన్నీ నిజమే. వెళ్ళాలనుకుంటే వానలో కూడా వెళ్ళొచ్చన్నదీ నిజమే.

శరణాలయం నుంచి కబురు వచ్చేటప్పటికి చాలామంది ముసలమ్మలు విరేచనాలతో పడి ఉన్నారు. అమ్మ కట్టుకున్న చీరతోనే పరుగెత్తింది. నేనూ వెనకే వెళ్ళాను. ఆ గదుల్లో వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. దానికి పేరు పెట్టి రాయలేను. అమ్మా అత్తయ్యా ఒళ్ళు తుడిచారు, చాపలు కడిగారు, మా ఇంటి బియ్యంతో పల్చగా జావ కాచి చెంచాలతో పట్టారు. కొందరు తేరుకున్నారు. చిట్టెమ్మ తేరుకోలేదు. అమ్మ ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని చెంచా నోటి దగ్గర పెట్టి, ఉప్పు సరిపోయిందా పెద్దమ్మా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఏదో ఒకటి అనిపించుకోవాలని అమ్మ ఆరాటం. చిట్టెమ్మ కళ్ళు తెరిచి చూసింది. గుర్తుపట్టిందో లేదో తెలియదు. మధ్యాహ్నానికి పోయింది. డాక్టరు గారు వయసు అన్నారు. బియ్యమే కారణమని ఎవరూ అనలేదు, కాదని కూడా అనలేదు. అమ్మ ఆ రోజు నుంచి మళ్ళీ శనివారం సంచి పట్టింది, మళ్ళీ ఎన్నడూ మానలేదు. కానీ ఆ తర్వాత ఎవరి ఇంటి ముందూ గట్టిగా మాట్లాడలేదు, నవ్వుతూ వచ్చి మాకేదీ చెప్పనూ లేదు.

ఇప్పుడు నేను కూడా అలాంటి సంఘాలు కొన్నింటిలో పేరుకి ఉన్నాను. మా రోజుల్లోలా కాదు, పిల్లలు వచ్చి ఒక పూట వడ్డిస్తే చాలు, శాలువా కప్పుతాం, సర్టిఫికెట్టు ఇస్తాం, ఫోటో తీసి ఫోనుల్లో పంపుకుంటాం. మనవాళ్ళకి థాంక్సులేమిటనే రోజులు పోయాయి, పోవడమే మంచిది. అయినా ఆ మెప్పులన్నీ వింటూ కూర్చుంటే నాకు ఎందుకో లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. మొన్నటికి మొన్న ఒక అమ్మాయి, మీరు పంపిన మందులు గడువు దాటినవి అని మీటింగులో అంది. అధ్యక్షుల వారు ఆమె అంకితభావాన్ని ఎంతగానో పొగిడి తర్వాతి అంశంలోకి వెళ్ళిపోయారు. ఆ పిల్ల ముఖం చూశాను. ఆ పిల్ల మరుసటి నెల రాలేదు. తిట్టి పంపించడానికీ, పొగిడి పంపించడానికీ పెద్ద తేడా లేదని నాకు అప్పుడు తోచింది.

మా నాన్న దుర్మార్గుడు కారు. చిట్టెమ్మ పోయాక ఆయన అన్నం సగంలో లేచిపోయేవారు. సంతాప సభ పెట్టించి, అందులో సేవికలకి కృతజ్ఞతలు చెప్పాలని కమిటీతో పోట్లాడి ఒప్పించారు. మార్జిను గీసి, కొట్టేసి, మళ్ళీ రాసి, వారం రోజులు ఆ కాగితంతోనే గడిపారు. సభకి రమ్మంటే అమ్మ రాలేదు. సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి పెరట్లో చేట పట్టుకుని బియ్యం ఏరుతోంది. నాన్న కోటు విప్పకుండానే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆయన పెరట్లో కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. నీ పేరు మొట్టమొదట చదివాను అన్నారు. తల్లిలా సాకిందని రాశాను, అందరూ చప్పట్లు కొట్టారు, ప్రెసిడెంటు గారు స్వయంగా లేచి, అలాంటి ఇల్లాలు ఊరికి ఒకరుంటే చాలన్నారు అని చెప్పారు. ఆ మాట ఇంట్లో చెప్పడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు. అమ్మకీ తెలుసు.

"బియ్యం సంగతి చెప్పారా?" అంది అమ్మ.

"సంతాప సభలో అదెలా చెప్తాం కరుణా. ఆయన పక్కనే కూర్చుని ఉంటే."

"ఆ బస్తా ఇంకా అక్కడే ఉందా?"

"ఉంది. సగం."

అమ్మ చేటలోంచి ఒక మట్టిబెడ్డ తీసి పక్కన పడేసింది. "మరి నన్ను దేనికి మెచ్చుకున్నారండీ?"

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. నాన్న కళ్ళజోడు తీసి పంచె చెంగుతో చాలాసేపు తుడిచారు. ఆ తర్వాత లేచి వసారాలోకి వెళ్ళిపోయారు.